సెట్ ట్రిగ్గర్ రైఫిలులో గుర్రం సగంలో ఆగిపోతే

ప్రశ్న: మాది గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర ఒక పల్లె. మా తాతగారి నాటి టోపీ రైఫిలు ఒకటి ఇంట్లో ఉంది, అంటే దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీతో పేలేది. గొట్టం మూతి నుంచి మందు, గుండు దట్టించే రకం. గార్డు లోపల ఒకదాని వెనుక ఒకటిగా రెండు ట్రిగ్గర్లు ఉంటాయి. నాన్నగారి తరువాత లైసెన్సు నా పేరుకు మారింది. 2024 ఎన్నికలప్పుడు అందరిలాగే ఠాణాలో జమచేసి, వానలు పట్టుకున్నాక తిరిగి తెచ్చుకున్నాను. తెచ్చిన రోజే మా బాబాయి లాక్ (గుర్రాన్ని నడిపే యంత్రం) లోపల నువ్వుల నూనె పోశారు. అప్పటి నుంచి వెనుక ట్రిగ్గర్ లాగి సెట్ చేసి, ముందుదాన్ని తాకితే ట్రిగ్గర్ చప్పుడు చేస్తుంది గాని గుర్రం (టోపీని కొట్టే సుత్తి) ఒక్కోసారి అసలు కదలదు, ఒక్కోసారి సగం దాకా వచ్చి ఆగిపోతుంది. సెట్ చేయకుండా ముందు ట్రిగ్గర్‌నే గట్టిగా లాగితే మాత్రం పూర్తిగా పడుతుంది. లోపలి గాటును ఆకురాయితో కొంచెం రాసి, ట్రిగ్గర్ల మధ్యనున్న చిన్న స్క్రూను కొంచెం బిగిస్తే సరిపోతుందని మా ఊరి కమ్మరి అంటున్నాడు. చేయించమంటారా? సెట్ చేశాక పేల్చవద్దనుకుంటే గుర్రాన్ని ఎలా దించాలో కూడా చెప్పగలరు.

సమాధానం: ఆ రెండు పనుల్లో ఏ ఒక్కటీ చేయించకండి. గాటు బాగానే ఉందని చెప్పడానికి మీ ఉత్తరంలోనే సాక్ష్యం ఉంది. సెట్ చేయకుండా ముందు ట్రిగ్గర్ లాగినప్పుడు గుర్రం పూర్తిగా పడుతున్నదంటే గుర్రాన్ని ఆపి ఉంచే గాటు, ఆ గాటులో కూర్చుని, ట్రిగ్గర్ లాగితే లేచే సియర్ అనే ముక్క, గుర్రాన్ని నెట్టే పెద్ద స్ప్రింగు మూడూ తమ పని తాము చేస్తున్నట్టే. అటువంటి గాటును ఆకురాయితో రాయిస్తే లేని జబ్బుకు కోత కోయించినట్టవుతుంది. గాటు మీద ఉండే గట్టిపదును పొర పలచనిది. ఒకసారి అది పోతే లోపలి మెత్తని ఇనుము త్వరగా అరిగి, కొంత కాలానికి పూర్తిగా ఎత్తిన గుర్రం ఎవరూ తాకకుండానే జారిపడే పరిస్థితి వస్తుంది.

ఏ పరీక్షకైనా ముందు తుపాకీ ఖాళీగా ఉన్నదో లేదో తేల్చుకోవాలి. ఠాణాకు ఇచ్చే ముందు చూశామనీ, ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదనీ చెప్పే మాటలు ఇక్కడ చెల్లవు. దట్టించిన మందు ఏళ్ల తరబడి గొట్టంలోనే ఉండిపోయిన తుపాకులను నేను బరంపురంలో లైసెన్సున్న మరమ్మతు దుకాణంలో పనిచేసిన కాలంలో ఒకటి కాదు, చాలా చూశాను. నిపుల్ (టోపీ కూర్చునే చిన్న గొట్టం) మీద టోపీ లేదని నిర్ధారించుకుని, గొట్టం మూతిని మనుషులు లేని దిక్కుకు తిప్పి, దట్టించే కడ్డీని లోపలికి మెల్లగా జారవిడిచి, మూతి దగ్గర కడ్డీ మీద సుద్దముక్కతో గీత పెట్టండి. తరువాత కడ్డీని బయటికి తీసి గొట్టం పక్కన, గీత మూతికి సరిపోయేటట్టు పెట్టి చూస్తే దాని కొన నిపుల్ ఉన్న చోటికి దాదాపు చేరాలి. రెండు మూడు వేళ్ల దూరం ముందే ఆగిపోతే లోపల ఏదో ఉందనే అనుకోవాలి. అలా ఆగితే ఇక మీరు చేయవలసిన పరీక్ష ఏదీ లేదు. దాన్ని అలాగే లైసెన్సున్న దుకాణానికి చేర్చి వారి చేతనే ఖాళీ చేయించుకోవాలి.

ఖాళీ అని తేలాక, మీ రైఫిలు ఎలా పనిచేస్తుందో ఒకసారి మనసులో కట్టుకోండి. సెట్ ట్రిగ్గర్ జర్మన్ దేశాల పనివారి సొత్తు. మొదట విల్లును కొయ్యకు బిగించిన క్రాస్‌బోలకు, ఆ తరువాత గురి రైఫిళ్లకు వాళ్లు దీన్ని అమర్చారు. అక్కడి నుంచి వలస వెళ్లిన పనివారి ద్వారా అమెరికాలోని పెన్సిల్వేనియా పొడవు రైఫిళ్లకూ, సెయింట్ లూయిస్‌లో హాకెన్ సోదరులు చేసిన రైఫిళ్లకూ ఇది పాకింది. దీని ఉద్దేశం ఒక్కటే. మామూలు ట్రిగ్గర్ లాగడానికి రెండు మూడు కిలోల బలం కావాలి. ఆ బలం వేలితో పెట్టేసరికి గురి కదులుతుంది. అందుకని ఆ బలాన్ని ముందుగానే వెనుక ట్రిగ్గర్ లాగి ఒక చిన్న స్ప్రింగులో దాచి ఉంచితే, తరువాత ముందు ట్రిగ్గర్‌ను కొన్ని పదుల గ్రాముల ఒత్తిడితో తాకినా సరిపోతుంది. తాకగానే ఆ స్ప్రింగు విడివడి, దానికి తగిలించిన మీట ఎగిరి, లాక్‌లోని సియర్ తోకను కింది నుంచి ఒక్క దెబ్బ కొడుతుంది. ఆ దెబ్బకు సియర్ గాటు నుంచి లేస్తుంది, గుర్రం పడుతుంది.

ఈ దెబ్బ అన్నమాట దగ్గర కొంచెం ఆగాలి. మీరు వేలితో ముందు ట్రిగ్గర్‌ను గట్టిగా లాగినప్పుడు, గుర్రం కిందికి చేరేదాకా మీ వేలు సియర్‌ను పైకి ఎత్తిపట్టి ఉంచుతుంది. సెట్ చేసి తాకినప్పుడు అలా ఎత్తిపట్టేది ఏదీ లేదు. మీట ఒకసారి కొట్టి కిందికి జారిపోతుంది, సియర్ తన స్ప్రింగు బలంతో వెంటనే టంబ్లర్ మీదికి తిరిగి వస్తుంది. టంబ్లర్ అంటే గుర్రంతో కలిసి తిరిగే లోపలి చక్రం. పూర్తిగా ఎత్తినప్పటి గాటూ, సగం ఎత్తినప్పటి గాటూ రెండూ దాని అంచునే ఉంటాయి. గుర్రం పడుతున్న దారిలో సగం గాటు సియర్ ముక్కు కిందికి వస్తుంది. తిరిగివచ్చిన సియర్ ఆ గాటులో దిగితే గుర్రం అక్కడే ఆగిపోతుంది. మీరు రాసిన రెండు లక్షణాల్లో రెండవది, అంటే సగంలో ఆగడం, సరిగ్గా ఇదే.

దీన్ని తప్పించడానికే సెట్ ట్రిగ్గర్ ఉన్న లాకుల్లో టంబ్లర్ మీద ఒక చిన్న కదిలే ముక్కను అమరుస్తారు. పనివారు దాన్ని ఫ్లై అంటారు. నూకగింజకంటే కాస్త పెద్దది, అంతే. గుర్రం పడేటప్పుడు సియర్ ముక్కు తగలగానే అది జరిగి సగం గాటుకు మూతలా అడ్డం పడుతుంది. సియర్ దాని మీదుగా జారి దాటిపోతుంది. కింది నుంచి గుర్రాన్ని ఎత్తేటప్పుడు అదే ముక్క ఇటు వాలి గాటును తెరిచి పెడుతుంది. ఇంత చిన్న ముక్క తన చిన్న గుంటలో స్వేచ్ఛగా ఊగగలగడం మీదనే ఈ ఏర్పాటు మొత్తం ఆధారపడి ఉంది. నాకు పని నేర్పిన పెద్దాయన లాక్ విప్పిన ప్రతిసారీ ఉతికిన తెల్లపంచె నేల మీద పరిచి దాని మీదనే విప్పేవారు. ఫ్లై ఊడి పడితే పంచె మీద నల్లచుక్కలా కనబడేది, దాన్ని వెంటనే తడిచేసిన వేలికొనతో ఎత్తి సున్నపు భరిణెలో వేసేవారు. మట్టినేల మీద విప్పి, ఆ ముక్క ఎక్కడ పడిందో తెలియక, అది లేకుండానే లాక్ బిగించి ఇచ్చిన తుపాకులు మా దుకాణానికి వచ్చేవి. వాటి జబ్బూ మీరు చెబుతున్నదే.

మీ రైఫిలులో ఫ్లై పోలేదు, పట్టేసిందని నా అభిప్రాయం. ఠాణాకు వెళ్లేముందు చక్కగా పనిచేసిన లాక్‌ను ఎవరూ విప్పలేదు. నూనె మాత్రం పోశారు. నువ్వుల నూనె వంటకూ తలకూ మంచిదే గాని లాక్‌కు పనికిరాదు. గాలి తగులుతున్నకొద్దీ అది చిక్కబడి, దుమ్మునూ పాత మందు మసినీ కలుపుకొని జిగురవుతుంది. కొబ్బరినూనె కూడా మేలేమీ చేయదు. మార్గశిర, పుష్య మాసాల్లో తెల్లవారుజామున మీ ఇంటి సీసాలో గడ్డకట్టినట్టే లాక్‌లోనూ గడ్డకడుతుంది. మీ బాబాయిగారు తుపాకీ మీద ప్రేమతోనే చేశారని తెలుసు, ఆయనను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు.

పరీక్ష ఇలా చేయండి. గుర్రాన్ని సగం గాటుకు ఎత్తి, లాక్‌ను కొయ్యకు బిగించిన స్క్రూను విప్పి, లాక్‌ను నెమ్మదిగా బయటికి తీయండి. శుభ్రం చేయడానికి ఇంతవరకు చేయడం యజమానికి అలవాటైన పనే. అంతకు మించి లోపలి స్ప్రింగులను ఊడదీయకండి, పెద్ద స్ప్రింగును దాని పట్టకారు లేకుండా ఊడదీయబోయి బొటనవేలు చీల్చుకున్నవారిని నేనెరుగుదును. లాక్‌ను ఎడమచేత పట్టుకుని, కుడి బొటనవేలితో గుర్రాన్ని పూర్తిగా ఎత్తి, వేలు దాని మీదనుంచి తీయకుండానే సియర్ తోకను పైకి నొక్కండి. గుర్రం గాటు నుంచి విడివడిన క్షణమే సియర్‌ను వదిలేసి, గుర్రాన్ని వేలి అదుపులో మెల్లగా కిందికి దించండి. ఫ్లై కదులుతుంటే సియర్ సగం గాటును దాటి కిందికి వచ్చేస్తుంది. పట్టేసి ఉంటే సగంలో టక్కున ఆగుతుంది. అయిదారుసార్లు చేసి చూడండి. ఒకసారి దాటి, ఒకసారి ఆగితే అది జిగురు లక్షణమే. ప్రతిసారీ ఆగితే ఫ్లై లేదనో విరిగిందనో అనుమానించాలి.

జిగురే అయితే లాక్‌ను ఒక గిన్నెలో కిరోసిన్ పోసి మునిగేటట్టు ఒక రాత్రి ఉంచి, మర్నాడు పాత పళ్ల బ్రష్షుతో మూలమూలలా తోమి, పొడిగుడ్డతో ఒత్తి ఆరనివ్వండి. అప్పుడు ఫ్లై ఉన్న చోట, టంబ్లర్ ఇరుసు దగ్గర, సియర్ ఇరుసు దగ్గర కుట్టుమిషను నూనె ఒక్కొక్క చుక్క, సూదిమొనతో వేయండి. ఇక్కడ ఎక్కువ నూనె వేస్తే అది కొయ్యలోకి ఇంకి, కొయ్యను మెత్తబరుస్తుంది. ఇది తేలేవరకు సెట్ చేసి పేల్చిచూడడం మాత్రం పూర్తిగా మానండి. గుర్రం సగంలో ఆగిన ప్రతిసారీ పెద్ద స్ప్రింగు బలమంతా సియర్ ముక్కు మీదా, సగం గాటు పెదవి మీదా పడుతుంది. ఆ పెదవి విరిగితే మందు దట్టించేటప్పుడు మిమ్మల్ని కాపాడే గాటు పోయినట్టే.

ఇక గుర్రం అసలు కదలకపోవడం సంగతి. ఇది ఫ్లై వల్ల రాదు. మీట కొట్టిన దెబ్బ సియర్‌ను లేపడానికి చాలడం లేదని దీని అర్థం. దెబ్బ చాలకపోవడానికి నేను చూసినంతలో కారణాలు కొన్నే: మీటలు కూడా అదే జిగురులో ఈదుతూ ఉండడం, ట్రిగ్గర్ స్ప్రింగు సడలడం, మీటకూ సియర్ తోకకూ మధ్య ఎడం పెరగడం, లేదా సియర్ తోక ఎక్కడో కొయ్యకు రాసుకోవడం. వానాకాలంలో తిరిగి తెచ్చారు గనుక చివరిదాని మీదనే నా అనుమానం. వంశధార లోయలో ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా తలుపులు బిగుసుకుపోయి ద్వారబంధానికి పట్టేయడం మీకు తెలిసిందే. తుపాకీ కొయ్యా కొయ్యే గదా. లాక్ గుంట లోపలి గోడ ఒక వెంట్రుకవాసి ఉబ్బినా సియర్ తోక దానికి ఆనుకుంటుంది. వేలితో గట్టిగా లాగినప్పుడు ఆ రాపిడిని వేలు గెలుస్తుంది, మీట ఇచ్చే చిన్న దెబ్బ గెలవలేదు.

దీన్ని కనిపెట్టడానికి సులువైన పద్ధతి ఉంది. లాక్‌ను బిగించిన తరువాత దాని స్క్రూను పావు చుట్టు వదులుచేసి, నిపుల్ మీద మందపాటి తోలుముక్క పెట్టి, ఖాళీ తుపాకీని సెట్ చేసి ఒకసారి తాకి చూడండి. వదులుచేయగానే గుర్రం కదిలితే కొయ్య పట్టేస్తున్నట్టు తేలుతుంది. ఎక్కడ పట్టేస్తున్నదో తెలియాలంటే ఇంట్లో ఉన్న కాటుక చాలు. సియర్ తోక మీదా, దాని చుట్టుపక్కల ఇనుప భాగాల మీదా కాటుకను పలచగా పూసి, లాక్‌ను గుంటలో పెట్టి బిగించి, గుర్రాన్ని రెండు మూడుసార్లు ఎత్తి దించి, మళ్లీ ఊడదీయండి. కొయ్యకు తగిలిన చోట నల్లని మచ్చ అంటుకొని ఉంటుంది. ఆ మచ్చ కనబడగానే ఉలి తీసుకోకండి. నీడన, గాలి ఆడే చోట, లాక్ ఊడదీసిన కొయ్యను వారం పదిరోజులు ఆరనిచ్చి మళ్లీ కాటుక పెట్టి చూడండి. ఎండలో పెడితే నెర్రెలిస్తుంది. చాలాసార్లు కార్తీకం వచ్చేసరికి మచ్చ తనంతట తానే మాయమవుతుంది. వానల్లో చెక్కిన కొయ్య చలికాలంలో వదులైపోతుంది, చెక్కినది మళ్లీ అతకదు.

ట్రిగ్గర్ల మధ్యనున్న స్క్రూ గురించి కమ్మరి చెప్పినదానిలోనే అసలు ప్రమాదం ఉంది. ఆ స్క్రూ దెబ్బ బలాన్ని పెంచదు, తగ్గించదు. సెట్ చేసిన ట్రిగ్గర్ ఎంత తేలికగా విడివడాలో మాత్రమే అది నిర్ణయిస్తుంది. దాన్ని లోపలికి బిగించినకొద్దీ రెండు మీటలు ఒకదానిలో ఒకటి పట్టుకొనే అంచు సన్నబడుతుంది. ఇంకా బిగిస్తే అసలు సెట్ నిలవనే నిలవదు. ఆ రెంటికీ మధ్య ఒక చోటు ఉంటుంది, అక్కడ సెట్ నిలుస్తుంది గాని నేలకు తగిలినా, బల్ల మీద పెట్టినా విడివడిపోతుంది. కుర్రతనంలో నేను ఆ చోటునే గొప్ప నైపుణ్యమనుకుని, ఒక పెద్దమనిషి తెచ్చిన రైఫిలును అంత తేలికగా పెట్టాను. సెట్ చేసి చూపిస్తూ బల్లకు ఆనించగానే గుర్రం పడింది. ఖాళీదే, నిపుల్ అంచు మాత్రం చితికిపోయింది. కొత్త నిపుల్ నా జీతంలోంచి వేయించి ఇచ్చాను, ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ట్రిగ్గర్ స్ప్రింగు బలాన్ని సరిచేసే స్క్రూ వేరు. అది ఉన్నవాటిలో స్ప్రింగు మొదలు దగ్గర, ట్రిగ్గర్ పలక మీద ఉంటుంది. శుభ్రం చేసి, కొయ్య ఆరినా దెబ్బ చాలకపోతే సరిచూడవలసింది దాన్ని. అది మరమ్మతు తెలిసినవారి పని.

మరమ్మతు అన్నాక చట్టం మాట చెప్పకుండా ఉండలేను. 1959 ఆయుధ చట్టం 5వ సెక్షను ప్రకారం తుపాకులు తయారుచేయడానికే గాక మరమ్మతు చేయడానికి కూడా లైసెన్సు ఉండాలి. మీ ఊరి కమ్మరి నాగలికర్రుకు ఎంత మంచి పదును పెట్టినా, ఈ లాక్ మీద ఆకురాయి పెడితే ఆయనా మీరూ ఇద్దరూ చిక్కుల్లో పడతారు. పాతది గదా, ఇది తుపాకీ కిందికి రాదు అనేవారు మీ చుట్టూ ఉండే ఉంటారు. 45వ సెక్షను పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఇచ్చిన మాట నిజమే, అయితే అది మరమ్మతు చేసినా చేయకపోయినా పేల్చడానికి పనికిరానివాటికి మాత్రమే. మీది పేలుతుంది. అందుచేత లాక్ విప్పి చూసిన తరువాత కూడా పని తీరకపోతే లైసెన్సున్న దుకాణానికే తీసుకువెళ్లండి. మీ ఊరి నుంచి ఆంధ్ర సరిహద్దు దగ్గర గనుక అటువైపు దుకాణమే అందుబాటు అనిపించవచ్చు. బయలుదేరేముందు మీ లైసెన్సులో చెల్లుబాటు ప్రాంతం అన్న చోట జిల్లా మాత్రమే ఉందా, రాష్ట్రమా, దేశమంతానా అన్నది చూసుకోండి. ఒడిశా వరకే ఉంటే బరంపురం వైపు వెళ్లడమే క్షేమం. దుకాణదారుకు మీరు చేసిన పరీక్షల ఫలితాలు కాగితం మీద రాసి ఇస్తే, ఫ్లై, కొయ్య, స్ప్రింగు ఈ మూడింటిలో దేన్ని ముట్టుకోవాలో అతనికి తెలుస్తుంది. గాటును ముట్టుకోవద్దని మీరే గట్టిగా చెప్పండి.

చివరగా, సెట్ చేసిన గుర్రాన్ని దించడం. సెట్ చేయకుండా కూడా మీ ముందు ట్రిగ్గర్ పనిచేస్తున్నది గనుక మీది రెండు మీటల రకం, దానికి ఈ పద్ధతి సరిపోతుంది. గొట్టం మూతిని మనిషిగాని పశువుగాని లేని దిక్కుకు, మట్టిగట్టు ఉంటే దాని వైపుకు తిప్పండి. సెట్ అయి ఉండగా టోపీ తీయబోకండి, వేళ్లు అటూ ఇటూ తగులుతాయి. బొటనవేలిని గుర్రం మీద గట్టిగా ఆనించి, దాన్ని పూర్తి గాటుకంటే ఇంకొంచెం వెనక్కి లాగి అలాగే పట్టుకోండి. ఇప్పుడు చూపుడువేలితో ముందు ట్రిగ్గర్‌ను తాకితే టిక్కుమని సెట్ విడిపోతుంది, గుర్రం మాత్రం మీ బొటనవేలి పట్టులోనే ఉంటుంది. చూపుడువేలిని గార్డు బయటికి పూర్తిగా తీసేసి, గుర్రాన్ని మెల్లగా ముందుకు వదిలితే అది పూర్తి గాటులో కూర్చుంటుంది. కూర్చున్నట్టు వేలికి తెలియాలి. తెలియకపోతే మళ్లీ వెనక్కి లాగి చూడండి. అక్కడి నుంచి ఇక మామూలు తుపాకీయే: బొటనవేలు తీయకుండా ముందు ట్రిగ్గర్ లాగి గుర్రాన్ని టోపీకి తగలనివ్వకుండా సగం గాటు కిందిదాకా దించి, ట్రిగ్గర్ వదిలి, టక్కుమనేదాకా పైకి ఎత్తి సగం గాటులో నిలపండి. అప్పుడు టోపీ తీయండి. చేతులు తడిగా ఉన్నా, నూనె అంటి ఉన్నా ఇది చేయకూడదు. మొదట ఖాళీ తుపాకీతో, నిపుల్ మీద తోలుముక్క పెట్టి, చేతికి అలవాటయ్యేదాకా పగటిపూట చేసి చూసుకోండి.